సిరిసిల్లకు పోయిన వార్మర్

ఎనభైలు సగం దాటాక, ఒక ఎండాకాలం చివర్లో నన్ను కోరుట్ల సర్కారు దవాఖానకు హెడ్ నర్సుగా వేశారు. అంతకుముందు జగిత్యాలలో స్టాఫ్ నర్సుగా చేశాను. స్టాఫ్ నర్సు తన డ్యూటీ చేసుకొని ఇంటికి పోతుంది. హెడ్ నర్సు వార్డు మొత్తానికి జవాబుదారీ. దుప్పటి పోయినా ఆమెనే అడుగుతారు, సిలిండర్లో ఆక్సిజన్ అయిపోయినా ఆమెనే అడుగుతారు. సంతకం పెట్టే అధికారం మాత్రం సూపరింటెండెంటుదే.

సులోచన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏందే మనవరాలా, రాసుడు ఆపి నవ్వుతున్నవ్? రాయి. ఇద్దరం ఒకే బ్యాచ్‌లో నర్సింగ్ చదివాం. ఆమె సిరిసిల్లలో బట్టలు నేసే సాంచాలు నడిపే ఇంటి పిల్ల, నేను రుద్రంగి వైపు పటేళ్ళ ఇంటి పిల్లను. పరీక్షల్లో నాకు రెండో ర్యాంకు వస్తే ఆమెకు మొదటిది వచ్చేది. నేను టోపీ పెట్టుకుంటే పక్కకు జారేది, ఆమె తల మీద మేకు కొట్టినట్టు నిలిచేది. హెడ్ నర్సు ప్రమోషన్ ఇద్దరికీ ఒకే ఆర్డరులో వచ్చింది. అయినా ఆమె సిరిసిల్లలో నాకంటే ఒక వారం ముందు జాయినయింది. ఆ ఒక్క వారానికి సీనియారిటీ లిస్టులో ఆమె పేరు నా పేరుకు పైన పడింది. నేను రిటైరయ్యేదాకా అది కిందికి దిగలేదు.

అప్పట్లో కాన్పుల వార్డులో మాకున్న పెద్ద కొరత వార్మర్. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఒంట్లో వేడి నిలవదు. చిన్న మంచంలాంటి దాని మీద పిల్లను పడుకోబెడితే, పైనున్న హీటరు ఒకే తీరుగా వేడి ఇస్తుంది. అదే వార్మర్. మాకది లేదు. అట్టపెట్టెలో దూది పరిచి, పైన బల్బు వేలాడదీసి, అందులో పడుకోబెట్టేవాళ్ళం. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలు పెట్టేవాళ్ళం. పగలైతే కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపొచ్చు. పొద్దు గూకాక ఏ జీపువాడూ కదిలేవాడు కాదు. దారిలో ఒక చోట పోలీసులు ఆపి ఎవరిని తీసుకపోతున్నవని అడుగుతారు, ఇంకో చోట నక్సలైట్ అన్నలు ఆపి అదే మాట అడుగుతారు. తెల్లారేదాకా ఆ పిల్ల మా చేతుల్లోనే ఉండేది. కొందరు ఉండేవాళ్ళు, కొందరు ఉండేవాళ్ళు కాదు.

అట్లాంటి రోజుల్లో హైదరాబాదులో ఆఫీసున్న ఒక విదేశీ సంస్థ సర్కారు దవాఖానలకు వార్మర్లు ఇస్తుందని తెలిసింది. ఆ ఏడు మా జిల్లాకు ఒక్కటే. జగిత్యాలలో మీటింగు పెట్టి, ఎట్లా అడగాలో చెప్పారు. బయటి సాయం అడగడమంటే చీటీ రాసి పంపడం కాదు బిడ్డా, దానికో పద్ధతి ఉంటుంది. మొదటిది, డబ్బు అడగకూడదు. సర్కారు దవాఖాన పేరున డబ్బు వస్తే ట్రెజరీలో పడుతుంది, మళ్ళీ తీయాలంటే పైనుంచి ఆర్డరు రావాలి. అందుకని వస్తువే అడగాలి. రెండోది, సంస్థకు నేరుగా రాయకూడదు, త్రూ ప్రాపర్ ఛానల్ పోవాలి. అంటే నేను తయారు చేసిన ప్రపోజల్ మీద సూపరింటెండెంటు సంతకం పెడతాడు. అది జిల్లా వైద్యాధికారికి పోతుంది. ఆయన ఫార్వర్డ్ చేస్తే సంస్థకు చేరుతుంది. ఆ తర్వాత సంస్థ మనిషి వచ్చి వార్డు చూస్తుంది. ఆమె చూసి రాసిన దాన్నిబట్టే మంజూరు.

ఆ మీటింగులో సులోచన ముందు వరుసలో కూర్చుంది. ఆమె ఏదో అడిగితే అందరూ నవ్వారు, సంస్థ ఆఫీసరమ్మ కూడా నవ్వి ఆమె పేరు రాసుకుంది. నేనూ ఒక ప్రశ్న అడిగాను. జవాబు చెప్పింది కానీ నా పేరు అడగలేదు. కోరుట్లకు వచ్చే బస్సులో అదే తలుచుకుంటూ కూర్చున్నాను.

ప్రపోజల్లో ఒక గడి మా అందరినీ సతాయించింది. పిల్లను జిల్లా దవాఖానకు ఎందుకు పంపలేరు అని అందులో రాయాలి. అన్నల పేరు రాస్తే పోలీసులు వచ్చి నీకెట్ల తెలుసు అంటారు, పోలీసుల పేరు రాస్తే అన్నలు సంతోషిస్తారేమో గానీ పై ఆఫీసు సంతోషించదు. మా సూపరింటెండెంటు వరంగల్ మనిషి, మంచివాడు, భయస్తుడు.

"రవాణా సౌకర్యం లేదని రాయమ్మా. ఎవ్వలకు ఏ బాధ ఉండది," అన్నాడు.

అట్లాగే రాశాం. మ్యాపులో మీ ఊరి మీదినుంచే పెద్ద రోడ్డు పోతుంది కదా అని సంస్థ నుంచి తిరుగు టపాలో వచ్చింది. సులోచన ఏం రాసిందో నాకు తర్వాత తెలిసింది. "పొద్దు గూకిన తరువాత ఈ దారిలో బండి నడవదు." ఎవరు ఆపుతారో రాయలేదు, నడవదని మాత్రం రాసింది. అంత చిన్న వాక్యం నాకెందుకు తట్టలేదని ఇప్పటికీ మంట.

ఏదైతేనేం, మేమూ ఆ గడి మళ్ళీ రాసి పంపాక రెండు ఊళ్ళ ప్రపోజల్లూ నిలిచాయి. ఆఫీసరమ్మ కోరుట్ల, సిరిసిల్ల చూసిపోతుందని కబురొచ్చింది. అప్పుడు మేం ఏం చేశామో చెప్తే ఈ ఉద్యోగం చేసిన వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. సర్కారు దవాఖానకు పైనుంచి మనిషి వస్తున్నాడంటే అది తనిఖీ. తనిఖీ అంటే గోడలకు సున్నం, బీరువాలో దాచిన కొత్త దుప్పట్లు బయటికి, నేల మీది పేషెంట్లు ఇంటికి, లేని సామాను పక్క దవాఖాన నుంచి అరువుకు. మా ఇళ్ళల్లోనూ అంతే. చుట్టాలొస్తే పక్కింటి పరుపు, ఎదురింటి స్టీలు గ్లాసులు తెచ్చేవాళ్ళం. సులోచన వార్డు ఎట్లా మెరుస్తూ ఉంటుందో ఊహించుకున్నకొద్దీ మా వార్డుకు ఇంకేదో తక్కువయినట్టనిపించేది. నేనే జగిత్యాలకు పోయి, తెలిసిన ప్రైవేటు నర్సింగ్ హోం డాక్టరమ్మను బతిమాలి, ఒక్క పూటకు వాళ్ళ వార్మర్ తెచ్చాను. మేం మిషన్ నడపగలిగినవాళ్ళమని కనబడాలి కదా అని నా లెక్క.

మా ఆయమ్మ ఖైరున్నీసా దాని చుట్టూ తిరిగి చూసింది.

"సిస్టరమ్మా, గీ పెట్టె ఎన్నడు వాపస్ పోతది? పైట కొంగు తాకినా నా జీతమంత పోయేటట్టున్నది."

"నువ్వు దూరం నిలవడు," అన్నాను.

"నిలవడుతగని, దీని మీద పిల్లగాడెవ్వడు లేడు గదా. ఉత్తగ ఎలుగుతున్నది, మొహర్రంల పీర్ల కొట్టం లెక్క."

సూపరింటెండెంటు లోపలికి వచ్చి నాలుగు దిక్కులా చూసి మురిసిపోయాడు. "డైరెక్టర్ అచ్చిన నాడు గూడ గింత మెరవలే గదమ్మా!"

ఆఫీసరమ్మ వచ్చింది. పొద్దుండగానే జగిత్యాల దాటాలని డ్రైవరు తొందరపెడుతున్నాడు, అందుకని ఎక్కువసేపు లేదు. ఆమె వార్డంతా తిరిగి వార్మర్ ముందు ఆగింది.

"ఇది ఎప్పటినుంచి వాడుతున్నారు?"

సూపరింటెండెంటు నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. "కొత్తదేనండి," అన్నాడు ఆయన.

"చాలా బాగా ఉంచుకున్నారు. మీరు అదృష్టవంతులు," అని రాసుకొని జీపెక్కింది. అందరం సంతోషించాం. మెచ్చుకున్నది కదా అనుకున్నాం. సాయంత్రానికి మిషన్ జగిత్యాలకు తిరిగిపోయింది, అట్టపెట్టె మళ్ళీ బల్బు కిందికి వచ్చింది.

వార్మర్ సిరిసిల్లకు మంజూరయింది. మా ప్రపోజల్ మీద "ఈ దవాఖానలో ఇప్పటికే సౌకర్యం ఉన్నది" అని రాసి పంపారు. నేను ఆ పూట అన్నం తినలేదు. మాకు రాలేదన్న బాధ కంటే సులోచనకు వచ్చిందన్న బాధే ఎక్కువ, అబద్ధమెందుకు చెప్పాలి. అది చాలదన్నట్టు ఆ సంస్థ షరతు ఒకటి ఉంది. వార్మర్ వచ్చిన దవాఖాన చుట్టుపక్కల నర్సులకు శిక్షణ ఇవ్వాలి. కోరుట్ల నుంచి నన్నే పంపారు. రుద్రంగి మీదుగా బస్సులో సిరిసిల్ల చేరేసరికి నా మొహం ఎట్లా ఉందో గానీ, సులోచన గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమే పటేలమ్మా, మొకం గట్ల మాడ్చుకున్నవేందే? బస్సు కుదుపులకా, నన్ను సూసినంకనా?"

"నిన్ను సూసినంకనే," అన్నాను.

పడీపడీ నవ్వింది. లోపలికి పోయి చూస్తే నేను ఊహించుకున్నది ఏదీ లేదు. గోడలకు పెచ్చులూడుతున్నాయి. ఒక్కో మంచం మీద ఇద్దరేసి బాలింతలు. ఆ వార్డులో కొత్తగా ఉన్నది వార్మర్ ఒక్కటే.

"ఆఫీసరమ్మ వచ్చిన నాడు గూడ గిట్లనే ఉండెనా?" అని అడిగాను.

"గిట్లనే ఉండె. అట్టపెట్టెల ఇద్దరు పిల్లలుండిరి. ఆమె సూస్తుంటేనే కరెంటు పోయింది. సీసాలు పెట్టుకుంట నేను ఆమెతోని మాట్లాడలేదు, తీరిక లేకుండె."

"మరి సున్నం? దుప్పట్లు?"

"ఏందే, ఆమె మనకు మార్కులెయ్య వచ్చిందా? మనకేం లేదో సూడ వచ్చింది. అన్ని ఉన్నయని సూపెడితే ఆమె ఏమిస్తది, హారతా?"

రెండు రోజులు ఆమె దగ్గర నేర్చుకున్నాను. పిల్ల కడుపు మీద వేడి చూసే బిళ్ళ ఎట్లా అంటించాలో, హీటరు ఎప్పుడు తగ్గించాలో అన్నీ ఆమె చెప్పింది. బాగా చెప్పింది, అదే నాకు ఎక్కువ కష్టమయింది.

తర్వాతి ఏడు మళ్ళీ ప్రపోజల్ పెట్టాను. ఆ చలికాలం మా దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒకామెకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఆఫీసరమ్మ వచ్చే రోజుకు ఆ పిల్ల మా అట్టపెట్టెలోనే ఉంది. సూపరింటెండెంటు పొద్దున్నే వచ్చి తల పట్టుకున్నాడు.

"గా డబ్బా లోపలి రూముల పెట్టియ్యమ్మా. మన దవాఖాన ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోతేనే మిషన్ వస్తది సార్," అన్నాను. ఆఫీసరమ్మ వచ్చేసరికి ఆయన ఓపీలో పనుందని పోయాడు.

ఆఫీసరమ్మ పెట్టె మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి నేను భయపడుతున్న ప్రశ్నే అడిగింది.

"పోయినసారి ఇక్కడ ఒక వార్మర్ చూశాను. ఏమైంది?"

పాడయిందని చెప్పొచ్చు. అప్పుడు ఉన్నదాన్నే కాపాడుకోలేనివాళ్ళకు కొత్తది ఎందుకిస్తారు? అందుకని ఉన్నమాటే చెప్పాను.

"అది మాది కాదు మేడం. మీరొస్తున్నరని జగిత్యాల నుంచి అడుక్కొచ్చినం."

"మరి నేను మెచ్చుకుంటుంటే ఎందుకు చెప్పలేదు?"

నాకంటే ముందే వెనకనుంచి ఖైరున్నీసా అందుకుంది. "ఇంటికొచ్చిన మెహమాన్ గ్లాసు మంచిగున్నదంటే, గది పక్కింటోళ్ళదని చెప్తమా అమ్మా?"

ఆమె నవ్వలేదు. పెన్ను తీసి, ఆ పిల్ల పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, కరెంటు ఏ వేళల్లో పోతుందో అన్నీ అడిగి రాసుకుంది. ఆ చలికాలం అయిపోకముందే వార్మర్ వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఎక్కించి, సూపరింటెండెంటు సంతకం తీసుకొని, ఆ ఆడపిల్లనే మొదట దాని మీద పడుకోబెట్టాను. బరువు పెరిగాక ఇంటికి పంపాం.

మంజూరు కాగితంలో కింద ఒక షరతుంది. వార్మర్ మీద ఎందరు పిల్లల్ని పెట్టామో, ఎందరు దక్కారో మూడు నెలలకోసారి సిరిసిల్ల హెడ్ నర్సు ద్వారా సంస్థకు తెలియజేయాలని. సులోచన నా లెక్కల్లో తప్పులు వెతికి, ఎర్ర సిరాతో దిద్ది పంపేది. రెండుసార్లు నిజంగానే తప్పులున్నాయి. మిగతాసార్లు లేకపోయినా దిద్దిందని నా అనుమానం. ఇది గూడ రాయి, తీసెయ్యకు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా బయటి సంస్థలకు చాలా ప్రపోజల్లు రాశాను, ఎక్కువభాగం మంజూరయ్యాయి. తనిఖీకి వచ్చినవాళ్ళకు దవాఖానలో ఏముందో చూపాలి, సాయానికి వచ్చినవాళ్ళకు ఏం లేదో చూపాలి. ఇద్దరూ అదే జీపులో, అదే తలుపు నుంచి వస్తారు కాబట్టి సర్కారు ఉద్యోగులం ఇద్దరినీ ఒకటే అనుకుంటాం. ఆ తేడా తెలియడానికి నాకు ఒక ఏడు, కోరుట్లకు ఒక వార్మర్ ఖర్చయ్యాయి. సులోచనకు ఏ ఖర్చూ కాలేదు.