థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి పై

మా అమ్మాయికి మూడేళ్లప్పుడు ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీలో జీడిపప్పు బర్ఫీ ముక్క చేతిలో పెట్టారు. చిటికెన వేలి గోరంత కొరికిందేమో. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి, వాంతి చేసుకుంది. ఆ రోజు ఎలాగో గట్టెక్కాం. ఆ తర్వాత మాత్రం నేను మామూలు మనిషిని కాలేకపోయాను. షాపులో ప్రతి ప్యాకెట్ వెనకా చదవడం, ఎక్కడికెళ్లినా అలర్జీ వస్తే గుచ్చే ఇంజెక్షన్ పెన్నులు రెండు బ్యాగులో వేసుకోవడం, ఎవరింటికి భోజనానికి వెళ్లినా దాని తిండి దాని డబ్బాలో పట్టుకెళ్లడం. మిగతా పిల్లలు ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడితే, ఇది సోఫాలో ఓ మూల కూర్చుని తన డబ్బా మూత తీసుకునేది. ఎవరైనా ఏదైనా పెట్టబోతే "నా ఫుడ్ నాకుంది ఆంటీ" అనేది. ఏడేళ్లకే దానికంత అలవాటైపోయింది.

పోయిన నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ప్లెయిన్స్‌బరోలో మా వెనక బిల్డింగ్‌లో ఉండే స్నేహితురాలి ఇంట్లో అందరం కలిశాం. వాళ్లమ్మగారు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఉన్నారు. మా అమ్మ కూడా అప్పుడు మా దగ్గరే ఉంది, తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. టర్కీని ఓవెన్‌లో పెట్టడం వరకే అమెరికా పద్ధతి. గ్రేవీ మాత్రం ఆంటీ మన పద్ధతిలో చేశారు. అందరూ వేళ్లు నాకి మరీ తిన్నారు. మా అమ్మాయి తప్ప. అది డబ్బాలో తెచ్చుకున్న అన్నం, పప్పు తింది.

వచ్చేటప్పుడు నా స్నేహితురాలు ఎప్పట్లాగే ఖాళీ పెరుగు డబ్బాల్లో మిగిలినవన్నీ సర్ది ఇచ్చింది. టర్కీ ముక్కలు, గ్రేవీ, ఉడికించిన బఠాణీలు, క్యారెట్, మెదిపిన బంగాళాదుంప. నేను ఆంటీని అడిగాను. అడగకుండా నేనేదీ ఇంటికి తేను.

"ఆంటీ, గ్రేవీలో నట్స్ ఏమైనా వేశారా?"

"లేదు బిడ్డా, అసొంటివేం వెయ్యలే. ఉల్లిగడ్డ, పెరుగు, మసాలా. గంతే."

తృప్తిగా డబ్బాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

మర్నాడు శుక్రవారం. మా ఆయన పొద్దున్నే, ఆ రోజు పెట్టే తగ్గింపు ధరల్లో టీవీ కొంటానని స్నేహితులతో షాపులకి వెళ్లాడు. మా అమ్మాయికి స్కూలు లేదు. వంటింట్లో నా చుట్టూ తిరుగుతూ అడిగింది, "మమ్మీ, మా టీచర్ వాళ్లింట్లో లెఫ్ట్‌ఓవర్స్‌తో పై చేస్తారంట. స్వీట్ కాదు, పిండిలో కర్రీ పెట్టి బేక్ చేస్తారంట. చలిగా ఉంటే అది తింటే హాయిగా ఉంటుందంట. మనం కూడా చేద్దామా?"

నాకు భలే సంతోషమేసింది. స్కూల్లో పిల్లలు తినేది ఏదైనా తనూ తినాలని దానికి ఎంత ఉంటుందో నాకు తెలుసు. నిన్న అందరూ తిన్న కూర ఇవాళైనా ఇది తినచ్చు. పైగా మా ఇల్లు, మా వంటిల్లు. భయపడాల్సిందేముంది?

ఫ్రీజర్‌లో ఎప్పుడో కొన్న పై పిండి ఉంది, రేకు పళ్లెంలో పరిచి ఉండేది. దాని ప్యాకెట్ రెండుసార్లు చదివాను. టర్కీని చేత్తో పీచులుగా తీసి బఠాణీలు, క్యారెట్ కలిపాను. గ్రేవీ వేడి చేసి పోశాను. చెంచాతో కొంచెం రుచి కూడా చూశాను. చిక్కగా, కాస్త తియ్యగా, నాలుక మీద మెత్తగా ఉంది. పెరుగుతో పాటు వెన్న కూడా వేశారు కాబోలు అనుకున్నాను. పైన బంగాళాదుంప మా అమ్మాయే పరిచింది, ఫోర్కుతో గీతలు కూడా గీసింది.

అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చూస్తోంది. "శుక్రవారం పూట ఆ కోడేంటే?"

"కోడి కాదమ్మా, టర్కీ."

"ఏదైతేనేం, కాళ్లున్నదేగా." అని తన పెరుగన్నం తను కలుపుకుంది.

ఓవెన్‌లోంచి తీసేసరికి అంచులు ఎర్రగా కాలి, లోపల గ్రేవీ కుతకుతమంటోంది. ఇల్లంతా వాసన. మా అమ్మాయి కుర్చీ మీద మోకాళ్ల మీద నిలబడి ఊదుకుంటూ తింది. నాలుగు చెంచాలు. ఐదో చెంచా నోటి దాకా వెళ్లి ఆగింది.

"మమ్మీ, నా టంగ్ దురదగా ఉంది."

"మసాలా కదా నాన్నా, మంచినీళ్లు తాగు" అన్నాను.

ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. నాలుగేళ్లుగా ఏ మాట వింటే పరుగెత్తాలని కాచుకుని ఉన్నానో, సరిగ్గా ఆ మాటే వినబడితే నీళ్లు తాగమన్నాను. అది నీళ్లు తాగింది. దగ్గింది. మళ్లీ దగ్గింది.

అమ్మే ముందు లేచింది. "ఏమే, దాని గొంతు విను."

ఏదో చెప్పబోతోంది అది. గొంతు బొంగురుగా, తనది కానట్టుగా వస్తోంది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు. కళ్ల కింద వాపు. చేత్తో గొంతు పట్టుకుని నా వైపే చూస్తోంది.

తలుపు వెనక కొక్కేనికి తగిలించిన సంచీలోంచి పెన్ తీశాను. తీసి అలా పట్టుకునే నిలబడిపోయాను. నెలకోసారి, సూది లేని ప్రాక్టీస్ పెన్‌తో నా తొడ మీదే నొక్కుకుని నేర్చుకున్న పని అది. అలా చేసినప్పుడల్లా అమ్మ నవ్వేది, "ఏంటే ఈ ఆట" అని. ఇప్పుడు ఏ వైపు సూదో, ఏ వైపు మూతో కూడా నా బుర్రకి తట్టడం లేదు. వేళ్లు నావి కావు.

అమ్మ నేల మీద చతికిలబడి పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుంది. కాళ్లు రెండూ కదలకుండా గట్టిగా పట్టుకుంది.

"నీలం మూత పీకు" అంది.

పీకాను.

"నారింజ రంగు కింద పెట్టి తొడకి గుచ్చు. ప్యాంటు మీంచే. ఊఁ!"

గుచ్చాను. టిక్కుమంది. ఒకటి, రెండు, మూడు అని అమ్మే లెక్కపెట్టింది. పిల్ల కెవ్వుమని అరిచింది. ఆ అరుపు విని నా ప్రాణం కాస్త కుదుటపడింది. అరవడానికైనా ఊపిరి ఉంది కదా.

అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి నేల మీద పెట్టాను. అవతల ఒకావిడ చాలా నెమ్మదిగా అడుగుతోంది. వయసెంత, ఏం తింది, ఊపిరి తీసుకుంటోందా, మాట్లాడుతోందా. అడ్రస్ చెప్పాక అపార్ట్‌మెంట్ నంబర్ గుర్తు రాలేదు. ఐదేళ్లుగా ఉంటున్న ఇల్లు. మా అమ్మాయే బొంగురు గొంతుతో చెప్పింది. చెప్పి, నన్ను ఇంగ్లీషులో అడిగింది, తను చచ్చిపోతుందా అని.

"లేదు" అన్నాను. నాకేం తెలుసని అన్నాను?

"ఏమడుగుతోందే?" అంది అమ్మ.

పిల్ల జుట్టు వెనక్కి నిమిరాను.

అంబులెన్స్ వచ్చేలోగా వాంతి చేసుకుంది. వచ్చినవాళ్లు ఆక్సిజన్ మాస్క్ పెట్టి స్ట్రెచర్ మీద కిందకి దింపారు. ఒక్కరే ఎక్కచ్చన్నారు. నేనెక్కాను. తలుపు మూసేటప్పుడు చూస్తే, అమ్మ మెట్ల దగ్గర ఆ చలిలో చెప్పుల్లేకుండా, స్వెటరు లేకుండా నిలబడి ఉంది. ఎంగిలి చెయ్యి అలాగే ఉంది.

దారిలో మా ఆయనకి ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ షాపు రొదలో వినపడలేదని తర్వాత తెలిసింది.

హాస్పిటల్‌కి చేరేసరికి దద్దుర్లు కొంచెం తగ్గాయి, గొంతు తేటపడింది. హమ్మయ్య అనుకునేలోపే డాక్టర్ వచ్చి చెప్పింది, ఇది తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చట. మొదటిసారి కన్నా గట్టిగా కూడా రావచ్చట. అందుకని ఇక్కడే ఉంచి చూస్తామంది.

మొదటి భయానికి చెయ్యడానికి పనుంది. ఈ భయానికి ఏ పనీ లేదు. మంచం పక్కన కూర్చుని, దాని ఛాతీ పైకి లేచి కిందకి దిగడం చూస్తూ ఉండడమే. అది కదిలితే భయం, కదలకపోతే భయం. మెషీన్ కూతేస్తే నర్సు కోసం తలుపు దగ్గరికి పరుగెత్తేదాన్ని. నర్సు వచ్చి, వేలికి పెట్టిన క్లిప్ జారిందంతే అని సర్ది వెళ్లేది.

అప్పుడు స్నేహితురాలికి ఫోన్ చేశాను. "నిన్నటి గ్రేవీలో ఏమేమి వేశారో ఆంటీని ఒక్కసారి అడుగుతావా? అన్నీ చెప్పమను."

"ఏమైందక్కా?"

"ముందు అడుగు."

వెనక నుంచి ఆంటీ గొంతు వినిపించింది. "ఉల్లిగడ్డ ఏంచి, గసగసాలు, జీడిపప్పు నూరి ఏసిన. ఎందుకట?"

నా స్నేహితురాలు నాకు కాదు, వాళ్లమ్మకి చెప్పింది, "అమ్మా, నట్స్ ఉన్నయా అని అక్క అడిగితే లేవన్నవ్ గదా."

"నట్స్ యాడేసిన్నే? పప్పు గదా అది!"

నాకు కోపం రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆవిడకది పప్పే. నాకూ పప్పే. బాదంపప్పు, జీడిపప్పు, సారపప్పు. నేను అడిగింది ఇంగ్లీషు మాట, ఆవిడ దానికి నిజమే చెప్పారు. రుచి చూసిన నా నాలుకకి కూడా తెలియలేదు మరి. నాలుగేళ్లుగా ఇంటికి రానివ్వక, నేనే మర్చిపోయాను దాని రుచి.

మా ఆయన వచ్చేసరికి సాయంత్రమైంది. పిల్ల పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కాసేపటికే డాక్టర్ చెప్పింది జరిగింది. పొట్ట మీద మళ్లీ దద్దుర్లు లేచాయి, దగ్గు మొదలైంది. నలుగురు లోపలికి వచ్చారు. మమ్మల్ని పక్కకి జరగమన్నారు. మా ఆయన చెయ్యి నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో, నా గోళ్లు దిగిన గుర్తులు ఆయనకి రెండు రోజులున్నాయి. మందులు ఇచ్చారు. తగ్గింది. ఇక రాలేదు. మర్నాడు ఉదయం ఇంటికి పంపించారు.

ఇంటికొచ్చి చూస్తే వంటిల్లు ఖాళీగా, తడిగా ఉంది. పై, అది చేసిన పళ్లెం, పెరుగు డబ్బాలు, చెంచాలు, గిన్నెలు తోమే పీచు, అన్నీ అమ్మ మూటకట్టి బయట చెత్తలో పడేసి వచ్చింది. నేల మూడుసార్లు తుడిచిందట. ముందురోజు కలుపుకున్న ఆ పెరుగన్నం తర్వాత ఏమీ తినలేదు. పిల్లని పడుకోబెట్టాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నీకో మాట చెప్పాలే. తిట్టకు."

"ఏంటమ్మా?"

"ఇదంతా నీ అతి అనుకున్నా ఇన్నాళ్లూ. మా కాలంలో ఏ పిల్లకి ఉన్నాయి ఇలాంటివి? కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుందనుకున్నా. దసరాకి పరమాన్నం చేశా చూడు, అప్పుడు ఒక్క జీడిపప్పు పలుకు నూరి దాని గిన్నెలో కలుపుదామని, ముందురోజు గుడిలో పెట్టిన ప్రసాదం పొట్లంలోది తీసి కొంగున ముడేసుకున్నా."

నేను కౌంటర్ పట్టుకున్నాను.

"నువ్వు ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికొచ్చావు. ఇక వెయ్యలేకపోయా. అంతే. ఇంకోసారి చూద్దాంలే అనుకుని బయట పారేశా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేతుల్తో నేనే చంపుకునేదాన్నే దాన్ని."

ఆ ఫోన్ ఎవరిదో ఎంత ఆలోచించినా ఇప్పటికీ గుర్తు రాదు. ఆ ఫోన్ రాకపోతే? ఆ రోజు నేను స్నానానికి వెళ్లి ఉంటే? దాన్ని ఎవరి నుంచి కాపాడాలో నాకు ఒక లెక్క ఉండేది. షాపులు, పార్టీలు, తెలియనివాళ్లు. ఆ లెక్కలో అమ్మ లేదు. తిట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. "నిన్న నీలం మూత అని నువ్వు చెప్పకపోతే అది బతికేది కాదమ్మా" అన్నాను. అది కూడా నిజమే.

సాయంత్రం నా స్నేహితురాలు వాళ్లమ్మని తీసుకొచ్చింది. ఆంటీ గుమ్మం బయటే ఆగిపోయారు. ఎంత పిలిచినా లోపలికి రారు.

"వద్దు బిడ్డా. నా చీరకేమన్న అంటుకున్నదో ఏమో. దూరంకెల్లి సూసి పోత. పిల్ల బాగున్నదా?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఆవిడ చేతులు సబ్బుతో రుద్ది రుద్ది తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా అమ్మా, ఆవిడా సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత వారం రోజులు మా అమ్మాయి సరిగ్గా తినలేదు. డాక్టర్లు ఒంట్లో అంతా బాగుందన్నారు. అది మాత్రం పాలు తప్ప ఏది పెట్టినా వాసన చూసేది, వేలితో విడదీసేది, "ఇందులో ఏముంది? ఇంకా ఏముంది? ష్యూర్ గా?" అని అడిగేది. నా మొహంలోకి చూస్తూ అడిగేది. నేను చెప్పిన జవాబు కన్నా నా మొహాన్నే ఎక్కువ నమ్ముతోందని అర్థమైంది. ఆ మొహంలో ఏం కనబడి ఉంటుందో నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున్న స్కూలుకి టైమవుతుంటే అమ్మ ఇడ్లీ తుంపి, నెయ్యి అద్ది, దాని నోటి ముందు పెట్టింది. అది ఏదో పుస్తకం వెతుక్కుంటూ, ఏమీ అడగకుండా నోరు తెరిచింది. నమిలింది. మింగింది. మళ్లీ తెరిచింది.

నేను ఓవెన్ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆ పిండి నేనే రుబ్బాను, నా చేతులతోనే ఇడ్లీ వేశాను. అయినా ఇరవై నిమిషాలు అక్కడి నుంచి కదల్లేదు. బస్సు వచ్చింది, అది బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

"ఇంక కూర్చోవే" అంది అమ్మ.

కూర్చున్నాను.