గుమ్మడికాయకు అవతల ఆగిన బండి

మా చేను గట్టు మీద నిలబడితే ఆదోని పోయే ప్యాసింజరు బండి కిటికీల్లో కూర్చున్నవాళ్ళ మొహాలు కనిపిస్తాయి. అంత దగ్గరగా పోయేది ఆ బండి. ఆగేది మాత్రం కాదు. మేము ఆదోని పోవాలంటే ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని, గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ పోవాల్సిందే. చిన్నప్పటినుంచీ అదే అలవాటు కాబట్టి నేనూ పెద్దగా పట్టించుకోలేదు. మా వదినకు కిడ్నీలు చెడిపోయాకే ఆ రోడ్డును తిట్టడం మొదలుపెట్టాను.

వదిన మా మేనత్త కూతురే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా అన్నను మామా అనే పిలుస్తుంది. రోజు మార్చి రోజు ఆదోనిలో డయాలసిస్, తోడు నేను. పోయేటప్పుడు కుదుపులు ఎలాగో ఓర్చుకునేది. వచ్చేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఆటో ఆపించుకుని కంపచెట్ల పక్కన వాంతి చేసుకునేది. నేను వీపు నిమురుతూ నిలబడితే, అవతల పట్టాల మీద బండి హాయిగా పోయేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అట్లాంటి రోజుల్లో ఒక కబురు ఊళ్ళో గుప్పుమంది. ప్లాట్‌ఫారం మేమే కట్టుకుంటే రైల్వేవాళ్ళు కొన్నాళ్ళు బండి ఆపి చూస్తారట. ఎక్కేవాళ్ళుంటే సరి, లేకపోతే తీసేస్తారట. చాలామంది విని ఊరుకున్నారు. మా అన్న ఊరుకోలేదు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ మనిషి. గడప గడపా తిరిగాడు. పత్తి అమ్ముకున్నవాళ్ళు సిమెంటు ఇచ్చారు, ట్రాక్టరు ఉన్నవాళ్ళు మట్టి తోలారు, ఏమీ లేనివాళ్ళు పార భుజాన వేసుకుని వచ్చారు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా చిన్నాయన కూడా పని ఆపుకుని వచ్చి మట్టి మోశాడు. అన్నయితే మా పశువుల కొట్టంలో పరిచిన నాపబండలు పెరికి తీసుకుపోయి అక్కడ బెంచీగా వేశాడు. ఎద్దులు బురదలో నిలబడ్డాయి.

"ఎద్దుల గతేం కావాల?" అని నేను కసిరితే, "ఎద్దులు ఆదోనికి పోతాయా ఏమి?" అన్నాడు.

పైకెక్కడానికి మేస్త్రి మెట్లు కడతానన్నాడు. అన్న ససేమిరా అన్నాడు.

"మెట్లు వద్దప్పా. ఏటవాలుగా కట్టు. కాళ్ళు వాసినోళ్ళు గూడా నడిసి ఎక్కాల."

కాళ్ళు వాచినవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు. ప్లాట్‌ఫారానికి ఒక చివర, ఇంజను వచ్చి ఆగే వైపు, ఆ ఏటవాలు దారి ఒక్కటే పెట్టారు. మిగతా పొడవునా కంచె వేశారు.

మొదటిసారి బండి ఆగే పొద్దున వదినకు డయాలసిస్ ఉంది. అంతకుముందు జ్వరం వచ్చి ఒకసారి తప్పిపోయింది. దాంతో మొహం ఉబ్బింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈసారి తప్పితే కష్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆటోలో పోదామంటే ఆమె వినలేదు.

"మామ కట్టిన టేషన్లోనే ఎక్కుతా మ్మే," అంది.

మేము పోయేసరికి ఊరంతా అక్కడే ఉంది. అందరి చేతుల్లోనూ టికెట్లున్నాయి. వంకాయల గంపలు, పూల గంపలు, కొత్త చీరలు. కానీ ప్లాట్‌ఫారం మీద ఒక్క మనిషి లేడు. అందరూ ఏటవాలు దారి కింద గుంపుగా నిలబడి ఉన్నారు. దారి పైన, బూడిద గుమ్మడికాయ పట్టుకుని మా అన్న.

"పూజ కాకుండా పైన అడుగు పెట్టగూడదు," అన్నాడు ఊరి పెద్దాయన ఒకాయన.

"ఆ పూజేదో తెల్లారే చేసుంటే పోయేది గదా! బండి ఆగేది ఒక్క నిమిషం," అన్నాను.

"బండి రాకుండా దిష్టి ఎవురికి తీయాలమ్మా? బండికీ టేషనుకూ కలిపి తీయాల."

అందరూ తలలూపారు. నేను పళ్ళు కొరుక్కున్నాను. వదిన నా భుజం మీద బరువంతా వేసి నిలబడింది. ఆమె ఊపిరి నా చెవికి వినిపిస్తోంది.

హారను మోగింది. బండి వచ్చింది. నిజంగానే ఆగింది. కంచె సందుల్లోంచి పెట్టెల తలుపులు కనిపిస్తున్నాయి. చివరి పెట్టెలోంచి గార్డు తొంగి చూశాడు. ఆయనకు కనిపించింది ఖాళీ ప్లాట్‌ఫారం. ఎక్కేవాళ్ళు లేకపోతే తీసేస్తామన్న మాట నాకు గుర్తొచ్చింది.

గుమ్మడికాయ మీద కర్పూరం గాలికి ఆరిపోయింది. అన్న అగ్గిపుల్ల గీశాడు. అదీ ఆరిపోయింది. ఇంకో పుల్ల. ఎవరో తువ్వాలు అడ్డం పట్టారు. చివరికి వెలిగింది. ఇంజనుకు ఎదురుగా తిప్పి, తిప్పి, కాయను ఎత్తి నేలకేసి కొట్టాడు. లోపల నింపిన కుంకుమతో ఎర్రటి ముక్కలు ఆ దారికి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పడ్డాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎవరూ కదల్లేదు.

దిష్టి తీసిన గుమ్మడికాయను దాటకూడదు. దాటితే ఆ దిష్టి దాటినవాళ్ళకు తగులుతుంది. ఈ సంగతి అందరికంటే ఆలస్యంగా గుర్తొచ్చింది మా అన్నకే. ఉన్నది ఒక్క దారి, ఆ దారి నిండా గుమ్మడికాయ. అవతల బండి.

"పొరక! పొరక తేండి!" అని ఎవరో అరిచారు. పొరక ఊళ్ళో ఉంది, ఇక్కడ యాడుంది? పొద్దున్నుంచీ అందరినీ కసురుతున్న నాకు కూడా నోరు లేచింది గానీ కాలు లేవలేదు. గార్డు విజిల్ వేశాడు. అన్న మా వైపు తిరిగి వదినను చూశాడు. ఆ మొహం నేను మళ్ళీ చూడకూడదు. అన్ని నెలలు ఎవరి కోసం మట్టి మోశాడో ఆ మనిషికే అడ్డం వేశాడు.

నా భుజం మీద బరువు తగ్గింది. వదిన నన్ను వదిలేసి పైకి నడుస్తోంది. వాచిన కాళ్ళకు చెప్పులు పట్టక ఉత్త కాళ్ళతోనే వచ్చింది.

"తొక్కొద్దుమ్మా!" అంది వెనకనుంచి ఒకామె.

వదిన ఆగలేదు. "నాకింగ కొత్తగా ఏం దిష్టి తగలాల? తప్పుకోండి," అంది.

మొదటి ముక్క మీద కాలు జారింది. అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఇంకో కాలు వేసింది, ఇంకోటి వేసింది, దాటేసింది. అప్పుడు పరుగెత్తాను నేను. నా వెనక వంకాయల గంప, దాని వెనక పూల గంప, దాని వెనక ఊరు ఊరంతా. గుమ్మడికాయ ముద్దముద్ద అయిపోయింది. అన్న గార్డుకేసి తువ్వాలు ఊపుతూ, "ఉండప్పా, ఉండప్పా!" అని గొంతు చించుకున్నాడు. గార్డు ఎత్తిన పచ్చజెండా దించి, చివరి మనిషి ఎక్కేదాకా చూశాడు.

వదినను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చీలమండల దాకా కుంకుమ ఎరుపు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బండి కదిలింది. మా కిటికీ మెల్లగా ఏటవాలు దారి పక్కనుంచి పోయింది. అన్న అక్కడే, ఆ ముద్దల మధ్య, జేబులో టికెట్టుతో నిలబడిపోయాడు. మాతో రావాల్సిన మనిషి.

వదిన కిటికీ ఊచలకు తల ఆనించి, ఊపిరి కూడగట్టుకుని చెప్పింది.

"మామా, దాన్ని బాగా ఊడ్సి కడుగు. సాయంత్రం నేను ఈడనే దిగాల."

అన్న తల ఊపాడు. ఎవరో పొరక తెచ్చేదాకా ఆగకుండా, భుజం మీది తువ్వాలు తీసి వంగి ఊడవడం మొదలుపెట్టాడు.