తొమ్మిది గంటల విమానం

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పే ధైర్యం లేక, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

మాది ధర్మవరం. భార్య పోయిన మనిషికి రెండో భార్యగా హిందూపురం వచ్చాను. ఆయనకు పట్టుగూళ్ళ వ్యాపారం. అప్పటికి ఆయన కూతురు శైలకు పదకొండేళ్ళు. మొదటి రోజే నన్ను ‘పిన్నీ’ అని పిలిచింది. ఎన్నడూ నన్ను నొప్పించలేదు. అది ముందే చెప్పాలి. పెద్దయ్యాక హైదరాబాదులో ఉద్యోగం వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఆయన గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన మూడో రోజు, తెల్లవారుతూనే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “దగ్గరివాళ్ళను తొందరగా పిలిపించమ్మా” అన్నాడు. శైలకు ఫోను చేసి రమ్మన్నాను.

“పిన్నీ, తొమ్మిదికి విమానం ఉండాది. గంటలో బెంగళూరులో దిగుతా. ఆడ్నించి కారులో రెండు గంటలు. ఎక్కేదా?”

లెక్క వేయడం నాకూ వచ్చు. విమానమైతే పన్నెండున్నరకల్లా ఆయన పక్కన ఉంటుంది. రోడ్డు మీదైతే ఎనిమిది, తొమ్మిది గంటలు.

“అంత అవసరం లేదు తల్లీ. మీ నాయన బాగుండాడు. కారులోనే నిదానంగా రా.”

ఎందుకన్నాను? ఆ మూడు రోజులూ ఆయన నోట ఒకటే పేరు. మందు వేస్తున్నా, తల దువ్వుతున్నా, ఆయన చూపు నన్ను దాటి తలుపు మీదికి పోయేది. ఇరవై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, ఒక్క పూట ఆయన నన్ను చూసి, నాతో మాట్లాడితే బాగుండునని ఆశపడ్డాను. అసూయేనా అది? కావచ్చు. ఆయన అంత తొందరగా పోతాడనుకోలేదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ డాక్టరు మాట విన్నది నా చెవులే కదా?

ఒంటిగంట దాటాక ఆయన అడిగాడు. “శైల యాడికొచ్చిందంట?”

అప్పటికి ఆమె అనంతపురం కూడా చేరలేదు. “పెనుకొండ దాటిందంట” అన్నాను.

“అట్లయితే వచ్చేసినట్లే” అని తలుపు వైపు తిరిగి పడుకున్నాడు. అలాగే పోయాడు. నాకు దక్కింది ఆయన వీపు.

శైల మూడున్నరకు వచ్చింది. తండ్రి పాదాలు పట్టుకుని ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. తనను తానే తిట్టుకుంది. ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంది. మొన్న ఆయన ఆబ్దికానికి వచ్చినప్పుడు వంటింట్లో నా పక్కన కూర్చుని, “నేను బయపడతానని నువ్వు అట్ల చెప్పినావు. నాకన్నా బుద్ధుండొద్దా పిన్నీ? విమానం ఎక్కుండాల్సింది” అంది.

ఆమె తల నిమిరాను. “నీ తప్పేం లేదమ్మా” అన్నాను. మరి ఎవరిదో చెప్పలేదు. తండ్రి కడచూపు తప్పించినది చాలక, ఆ నేరం కూడా ఆ పిల్ల నెత్తినే ఉండనిచ్చాను. మొదటిది ఒక్క పూట చేసిన తప్పు. ఇది ఆరేళ్ళుగా రోజూ చేస్తున్నది.

చెబితే నన్ను పిన్నీ అని పిలవడం మానేస్తుందేమో. నాకు మిగిలింది ఆ పిలుపొక్కటే. చెబుతానని మీకు మాట ఇవ్వలేను. క్షమించమని అడగడమూ లేదు, అది మీ చేతుల్లో ఉన్నది కాదు. ఈ ఒక్క వాక్యం మాత్రం నా చేత్తో రాయాలి. ఆయన బతకడని తెలిసి కూడా కూతుర్ని వేళకు రానివ్వలేదు.

రాశాను. కొంచెం ఊపిరాడుతోంది.