తల్లిచెట్ల ఫ్లాపీ

1988 జూన్ పదిహేడు, శుక్రవారం, ఉదయం పదకొండున్నర. ఆ ఘడియ నుంచి ఒక బరువు మోస్తున్నాను. కొబ్బరి గెలలు మోసిన భుజం నాది. బరువు కొత్త కాదు. దీన్ని దించుకునే చోటే దొరకలేదు. మేరీగారి మీద పడిన నింద నాది. అది చెప్పడానికే కూర్చున్నాను.

అమలాపురం దగ్గర ఒక కొబ్బరి నర్సరీలో చెట్లెక్కి కాయల దింపు తీసేవాణ్ణి. తల్లిచెట్లు అరవై నాలుగు. ఏ చెట్టు ఏటా ఎన్ని కాయలు కాసిందో 1974 నుంచి లెక్క ఉండేది. ఏటేటా నిలకడగా కాసిన చెట్ల కాయలే మొక్కకి వేసేవాళ్లం. లెక్క పుస్తకాలు వరదనీటికి తడిసి చివికిపోతుంటే, గుమస్తా మేరీగారు అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక ఫ్లాపీలో దాచారు. ఆవిడది రాజోలు. నలభై దాటాక వయోజన బడిలో అక్షరాలు దిద్దిన నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే.

ఆ వారం పాత కంప్యూటర్ ఇచ్చేసి కొత్తది తెస్తున్నారు. మేరీగారు చెల్లెలి పెళ్లికి వెళ్తూ నాకో పని అప్పజెప్పారు. పాతది వెళ్లేలోపు ఫ్లాపీలో ఉన్నదంతా కాగితం మీద ప్రింటు తీయాలి. ఏమేం కొట్టాలో చీటీ రాసిచ్చారు. అది ఇంగ్లీషు కలిపిరాత. నాకు విడివిడి అక్షరాలే వచ్చు. మూడు రోజులు ఆ చీటీ జేబులో పెట్టుకు తిరిగాను. ఎవరినడిగినా చదివిపెట్టేవారు. అడగలేదు. చదువొచ్చిందని ఊరంతా చెప్పుకున్న నోటితో, ఇది రాలేదని ఎలా చెప్పను?

శుక్రవారం పొద్దున్నే పాతది బండెక్కింది. కొత్తది బిగించడానికి రాజమండ్రి నుంచి మెకానిక్ శ్రీధర్ వచ్చాడు. ఫ్లాపీ పెట్టి చూశాడు.

"చదవట్లేదండి బాబాయిగారూ. పాతదాని పద్ధతి వేరు, దీని పద్ధతి వేరు. దీనికి తగ్గట్టు మార్చాలంటే ఫార్మాట్ చెయ్యాలండి. చేస్తే లోపలున్నది మొత్తం పోద్ది. లేదంటే ఇలాగే ఉంచండి, రాజమండ్రిలో పాత కంప్యూటర్ మీద ప్రింటు తీసి పంపిస్తాను. ఇంతకీ మీరు ప్రింటు తీసేరా?"

"ఆయ్, తీసేనండి. మార్చేయండి."

"తర్వాత నన్ను తిడితే ఊరుకోనండోయ్!" అని నవ్వాడు. "ఆ పెద్ద మీట మీరే నొక్కండి. పాపమైనా పుణ్యమైనా మీకే."

నొక్కాను.

వచ్చే ఏడాదికి మొక్కలు చెప్పిపెట్టడానికి కొత్తపేట నుంచి వచ్చిన సత్యవతమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఇదేనా తమ్ముడూ, మంచి చెట్టేదో చెప్పే పెట్టె?" అన్నారు. మళ్లీ ఆయ్ అన్నాను.

ఉంచేయండి అంటే సరిపోయేది. ఉంచితే ప్రింటు తీయలేదని బయటపడుతుంది. అంతే. ఆ ఒక్క సిగ్గు కోసం పధ్నాలుగేళ్ల లెక్క తుడిచేశాను.

తర్వాత రెండు రోజులు కూర్చుని జ్ఞాపకం నుంచి అంకెలు రాశాను. ఆ చెట్లన్నీ ఎక్కినవాణ్ణి, నాకు తెలియనివా అనుకున్నాను. ప్రింటరు పనిచేయలేదనీ, తెర చూసి చేత్తో రాసుకున్నాననీ మేరీగారికి చెప్పాను. "ఎంత ఓపికండీ బాబాయిగారూ మీకు!" అన్నారు ఆవిడ. ఆ అంకెలనే కొట్టి, మార్చిన ఆ ఫ్లాపీలోనే దాచారు.

నా చేతులకి గుర్తున్నది పెద్ద కాయ కాసే చెట్లు, ఏదో ఒక్క ఏడాది గెల బరువుకి నడుము వంచిన చెట్లు. పెద్దగా కనబడకుండా ఏటేటా అంతే కాసే చెట్లు గుర్తులేవు. అందుకే కదా ఏటా లెక్క రాసింది? ఇది నాకు తెలియక రాశానా? తెలిసే రాశాను.

ఆ అంకెలు చూసి ఎంచిన కాయల మొక్కలే మరుసటేడు అమ్మాం. సత్యవతమ్మగారు అరటితోట తీసేసి అవి నలభై వేశారు. ఏడేళ్లు నీళ్లు పెట్టి చూశారు. కాపు సగం కూడా లేదు. ఇంకొందరు రైతులూ వచ్చి అడిగారు. మేరీగారే అంకెలు తప్పు కొట్టారని యజమాని అందరి ముందూ అన్నారు. "నా దగ్గర తప్పు లేదండి. బాబాయిగారూ, మీ కాగితాలేవీ?" అని ఆవిడ అడిగారు. చెదలు తిన్నాయన్నాను. పొయ్యిలో పెట్టింది నేనే. ఆవిడ పని వదిలేసి, సంచీ తీసుకుని రాజోలు వెళ్లిపోయారు. ఇప్పటికీ ఇక్కడ తప్పుడు లెక్కంటే ఆవిడ పేరే చెబుతారు.

రేపు మొదటి బస్సుకి రాజోలు వెళ్తున్నాను. ఈ కాగితం ఆవిడ చేతికిస్తాను. ఎల్లుండి నర్సరీ ముందు నిలబడి అందరూ వినేలా ఇదే చదువుతాను. క్షమించమని ఇందులో రాయలేదు, ఆ మాట అడిగే ముఖం నాకు లేదు. రాశాక ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఆ రోజు అక్కడ ఉన్నది ముగ్గురం. రాజమండ్రి శ్రీధర్. గుమ్మంలో సత్యవతమ్మగారు. మీట నొక్కిన నేను, నూకరాజుని.

మేరీగారు అక్కడ లేరు.