ఉప్పు ముట్టని గిటారు మాష్టారు

మొన్న శుక్రవారం నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, మనవణ్ణి రుమైథియా నుంచి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్తుంటే, వాడు తన ఫోనులో పాటను కారు స్పీకర్లలో పెట్టాడు. మొదటి రెండు దెబ్బలకే నాకు గుర్తొచ్చేసింది, ఎందుకంటే ఆ లయతో నాకు ఇదే ఇంట్లో చాలా ఏళ్ల కిందటే పరిచయం, అదీ ఇష్టంగా కాదు, అనుమానంగా. గల్ఫు ఇళ్లల్లో కారు తోలుతూ నెరిసిపోయిన నా ఈడువాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది: మనల్ని ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, మరొకరి చేతిలో ఉన్నంతకాలం కారెక్కే ప్రతి కొత్త మనిషినీ ముందు అనుమానించి, తరవాతే పలకరిస్తాం.

అప్పట్లో ఈ మనవడి నాన్న ఇంకా బడికెళ్లేవాడు. గిటారు నేర్చుకుంటానని పట్టుబడితే, మేము మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, ఒక ప్రైవేటు బడిలో సంగీతం చెప్పే జమైకా మాష్టారిని కుదిర్చింది. శుక్రవారాల్లో ఆయన్ను సాల్మియా నుంచి తీసుకురావడం, మళ్లీ దింపడం నా పని. పొడుగాటి మనిషి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల అల్లిక టోపీ కింద జడలు కట్టిన జుట్టంతా మూటలా ఉండేది. మా వైపు కొండదారుల్లో సాధువుల జడలు చూసి పెరిగినవాణ్ణి గనక జుట్టుకు బెదరలేదు గానీ, ఆ మూటలో జుట్టు కాక ఇంకేమైనా ఉందేమోనని అద్దంలో చూస్తూనే ఉండేవాణ్ణి.

వంటింట్లో అనుమానం వేరే దారిలో మొదలైంది. వంట చేసే అక్కది రాయచోటి పక్క పల్లె. ఆమె పెట్టిన మాంసం వద్దన్నాడు, సరే అనుకుంది. పప్పు పెడితే ఉప్పు వేశారా అని అడిగి, పళ్లెం పక్కకు జరిపి, పండ్లు తిని వెళ్లిపోయాడు. ఎన్ని వారాలు గడిచినా అంతే.

"ఉప్పు ముట్టనోణ్ణి ఎట్ల నమ్మేది నాయనా?" అని అక్క నన్నే నిలదీసింది. "అన్ని బుక్కులు సదివితివే, ఈయప్ప ఎవురో ఒక్క దాంట్లోనూ ల్యాదా?"

ఆ మాట నాకు తగిలింది. నా చదువు పదో తరగతితో ఆగినా, మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను తియ్యని పుస్తకం లేదు. ఇక్కడ కూడా మామా వాళ్లు చుట్టాల ఇళ్లల్లో కూర్చున్నంతసేపూ నేను పబ్లిక్ లైబ్రరీలో ఇంగ్లీషు అర ముందు నిఘంటువు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వెతికాను, దొరికింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి జమైకాలో పేదరికంలో మగ్గుతున్న రోజుల్లో, ఇథియోపియాలో ఒక నల్లజాతి రాజు చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడట. బైబిల్లో చెప్పిన దేవుడు ఆయనేనని కొందరు నమ్మారట. రాస్తఫారీ మతం అలా పుట్టిందట. జుట్టు కత్తిరించకపోవడం వాళ్లకు మొక్కు, కొందరికి ఉప్పూ మాంసమూ నిషేధం. మాష్టారు వాయించే ఆ రెగే అనే జమైకా సంగీతం పాడేవాళ్లు చాలామంది అందులో కలిశాక ఆ సంగీతమే వాళ్లకు ప్రార్థనా అయింది, ఫిర్యాదూ అయింది. ఇంతవరకూ బాగానే ఉంది. గంజాయి వాళ్లకు ధూపం లాంటిదని చదివేసరికి మాత్రం పుస్తకం మూసి చుట్టూ చూశాను. ఆ అలవాటును అక్కడికి మోసుకెళ్లింది చెరకు తోటల్లో కూలికి పోయిన మన దేశం వాళ్లేనని ఇంకో పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం పోలీసులెవరూ చదవకపోతే బాగుండుననుకున్నాను.

పైగా ఆయన కారులో కూనిరాగం తీస్తూ బాబిలోన్, బాబిలోన్ అనేవాడు. అట్లాసులో చూస్తే బాబిలోన్ సరిహద్దు అవతల, ఇరాక్‌లో ఉంది. ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించిన నాటి గాయం ఇంకా ఆరని ఇంటికి ఇరాక్ ఊరి పాట పాడేవాణ్ణి నేనే మోసుకొస్తున్నానా అని హడలిపోయాను. తమను అణిచే రాజ్యాన్నీ, పోలీసునీ వాళ్లు ఆ పేరుతో పిలుస్తారని తరవాత చదివాను గానీ, దాంతో నెమ్మది కలగడానికి బదులు భయం ఇంకో మెట్టెక్కింది. ఇంట్లో పనిచేసే ఇథియోపియా అమ్మాయిని ఆ చక్రవర్తి గురించి అడిగితే, వాళ్ల అమ్మమ్మ ఆ రాజు కారు పోతుంటే దారి పక్కన వంగి నిలబడేదనీ, దేవుడని మాత్రం తమ ఊళ్లో ఎవరూ అనలేదనీ చెప్పి పడీపడీ నవ్వింది; నవ్వు ఆగాక, మా రాజుతో ఇతనికేం పని అని ఆమెకూ అనుమానం వచ్చింది.

ఒక శుక్రవారం జహ్రాలో మామా తమ్ముడి ఇంట్లో విందు. కుర్రవాడు అక్కడ వాయించాలి. ఇంటివాళ్లు ముందు వెళ్లిపోయారు, మాష్టారిని, గిటారుని నేను చేర్చాలి. బయలుదేరుతుంటే అక్క, జహ్రాలో పనిచేసే తన చెల్లెలికిమ్మని కరివేపాకు పొడి పొట్లం ఇస్తే, కారు ముందరి అరలో పడేశాను. ఆ రోడ్డు అలాగే పోతే ఇరాక్ వస్తుందని తలుచుకుంటూ తోలుతుండగా, జహ్రా ఇంకా రాకముందే పోలీసులు ఆపారు.

టోపీ చూడగానే ఇద్దరినీ దిగమన్నారు. గిటారు పెట్టె తెరిపించారు. గిటారు తప్ప ఏమీ లేదు. మూత లోపల మాత్రం గడ్డం ఉన్న ఒక రాజు ఫోటో, దాని కింద కిరీటం పెట్టుకున్న సింహం. ఎవరితనని పోలీసు అడిగాడు. ఈ దేశంలో పోలీసు ముందు ఒక మనిషిని దేవుడనడం ఎంత ప్రమాదమో తెలిసినవాణ్ణి గనక, మాష్టారు నోరు తెరిచేలోపే "మలిక్! హబషా మలిక్!" అనేశాను, ఇథియోపియా రాజు అని. మాష్టారు నావైపు ఒక చూపు చూశాడు గానీ కాదనలేదు.

అంతలో రెండో పోలీసు ముందరి అరలోంచి పొట్లం తీశాడు. ఆకుపచ్చని పొడి. ఆయన పెట్టెలో దొరుకుతుందని ఇన్నాళ్లూ నేను భయపడ్డది నా అరలో దొరికింది. వంటదని నాకొచ్చిన అరబ్బీలో ఎంత మొత్తుకున్నా వినలేదు. చిటికెడు నోట్లో వేసుకుని చూపించాను. నాది నాటకమనుకున్నాడేమో, మాష్టారి వైపు వేలు చూపి, అతను కూడా తినాలన్నాడు. మాష్టారు నన్ను ఇంగ్లీషులో ఒక్కటే అడిగాడు, ఉప్పుందా అని. లేదనెయ్యొచ్చు, ఆయన మొహం చూస్తూ ఆ మాట రాలేదు, ఉందన్నాను. తినకపోతే ఇద్దరం స్టేషనుకే, నా ఇఖామాకు అదే ఆఖరు. ఆయన కాసేపు ఆ ఫోటో చూశాడు, పెట్టె మూత వేశాడు, అరచేతి నిండా పొడి పోసుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ల వెంట బొటబొటా నీళ్లు. రాయచోటి కారం మరి. పోలీసు తనూ వేలితో అద్ది నాకి, దగ్గి, తుమ్మి, "ఖలాస్, యల్లా యల్లా!" అని మమ్మల్ని తరిమేశాడు.

కారులో నీళ్ల సీసా అందించాను. అంతా తాగి, కళ్లు తుడుచుకుని, మీ అక్క ముందు బాబిలోన్ ఏపాటి అన్నాడు. నవ్వాను, ఆయన నవ్వలేదు. జహ్రా వచ్చేదాకా కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాడు, కూనిరాగం కూడా తియ్యలేదు.

మరుసటి శుక్రవారం మళ్లీ మామూలే, ఉప్పు ముట్టలేదు. అయితే అక్క ఒక చిన్న గిన్నెలో ఉప్పు వెయ్యని పప్పు విడిగా తీసి పెట్టింది.

"నమ్మి గాదు నాయనా," అంది నా చూపు పసిగట్టి. "పొద్దన్నించీ పండ్ల మీదనే వాయిస్తాండాడని."

నేనూ అంతే, అద్దంలో చూడటం మానలేదు. బడివాళ్ల ఒప్పందం ముగిశాక ఆయన వెళ్లిపోయాడు. ఏ దేశానికో అడగలేదు.

మొన్న అదే అద్దంలో చూస్తే, మనవడి నెత్తిన అవే మూడు రంగుల టోపీ, మీద అదే సింహం. ఆ సింహం ఎవరిదని అడిగాను. చిప్స్ నములుతూ, టోపీ కంపెనీ బొమ్మ అన్నాడు. పాటలో బాబిలోన్ అన్న మాట వచ్చినప్పుడు హాయిగా గొంతు కలిపాడు. ఒకప్పుడు ఆ మాటకు నేను లైబ్రరీకి పరుగెత్తాను. ఆ టోపీని చూసి ఆపితే ఒక మనిషి తన నియమం చెరుపుకున్నాడు. ఇప్పుడది ఏ కొట్టులోనైనా వేలాడుతుంది, పెట్టుకున్నవాణ్ణి ఎవరూ ఆపరు, నువ్వెవరని ఎవరూ అడగరు. దారిలో పోలీసులు కనిపించి చెయ్యూపారు, ఆపలేదు. నేను మాత్రం అలవాటుగా బండి నెమ్మది చేసి, ముందరి అర ఒకసారి తెరిచి చూసుకున్నాను. ఖాళీగా ఉంది.