రహిమాన్ చెవికి అందని లోపం

నంద్యాల పారిశ్రామికవాడలో మా షెడ్డు చిన్నది. కరెంటు స్తంభం మీద పిడుగు పడితే ఆ దెబ్బను భూమిలోకి దించే గొట్టాలు ఉంటాయే, వాటి లోపల పేర్చే బిళ్లలు చేస్తాం. పింగాణీలాగే పొడి అచ్చేసి బట్టీలో కాలుస్తాం. నేను, దేవమ్మను, వాటిని అట్టపెట్టెల్లో సర్దుతాను. బిళ్ల మంచిదో చెడ్డదో తేల్చేది మాత్రం అబ్దుల్ రహిమాన్. మా ఓనరు పద్మనాభ్ కూడా ఆయన మాట దాటడు.

రహిమాన్‌ది ఆళ్లగడ్డ. వయసులో అక్కడి శిల్పుల దగ్గర పనిచేశాడు. ఉలి పెట్టే ముందు వాళ్లు రాయిని సుత్తితో తట్టి వింటారు. ఖంగుమంటే మంచి రాయి, డొల్లగా పలికితే లోపల పగులు. ఆ విద్యనే మా షెడ్డుకు తెచ్చాడు. బట్టీ దిగిన ప్రతి బిళ్లనూ ఇనుప కడ్డీతో తట్టి, తల వంచి వినేవాడు. పగిలిన బిళ్ల ఆయన్ను దాటిపోవడం నేను చూడలేదు. ఇక ఆ గర్వం, అబ్బో! పెళ్లికొడుకు కూడా అంత నిక్కడు.

కొడుకు రఫీక్ శిరివెళ్లలో లైన్‌మన్. మా బిళ్లలున్న గొట్టాలే వాళ్ల లైనుకు బిగిస్తారు. "మా నాయన చెవి దాటి వచ్చిన సరుకిది" అని తోటివాళ్ల దగ్గర మురిసిపోయేవాడు.

ఈ ఎండాకాలం పొడి నూరే డ్రమ్ము చెడింది. జింక్ ఆక్సైడ్‌లో బిస్మత్ అనే ఇంకో పొడి కొంచెం కలిపి, నీళ్లు పోసి, ఆ డ్రమ్ములో బాగా నలిగేదాకా తిప్పాలి. అదీ పద్ధతి. ఆర్డరు నెత్తిమీద ఉందని పద్మనాభ్ నీళ్లు లేకుండా ఉత్త పొడినే కలిపించి అచ్చు వేయించాడు. కొత్తగా చేరిన ఇంజనీరు మృదుల, అహోబిలం అయ్యవార్ల పిల్ల, వద్దని మొత్తుకుంది.

"ఉప్పు పిండిలో సరిగా కలవకుంటే ఒక రొట్టె చప్పన, ఇంకోటి ఉప్పన. ఇదీ అంతే. బిళ్ల లోపల రేణువుకూ రేణువుకూ మధ్య బిస్మత్ గోడ కట్టాల. గోడ లేని సందు దొరికితే పిడుగంతా దాంట్లోనే దూరుతాది. బిళ్ల పేలిపోతాది."

"నా చెవికి చిక్కనిది ఏందమ్మా లోపల?" అని రహిమాన్ ఒక బిళ్ల తట్టాడు. ఖంగుమంది. ఇంకోటి తట్టాడు. అదీ ఖంగుమంది.

"నీ చెవి పగులుంటే చెప్తాది పెద్దాయనా. ఇది పగులు కాదు."

"ఆ మాట మీ కాలేజీలో చెప్పుకో పో."

పెట్టెలు లారీ ఎక్కాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పెట్టెలు కట్టే ఆడదాని మాట ఎవడు వింటాడు? మృదుల మాత్రం ఊరుకోలేదు. మిగిలిన బిళ్లల్లో కొన్ని పరీక్షకు బయటికి పంపింది.

ఆ బిళ్లల గొట్టాలు శిరివెళ్ల లైనుకు బిగించేశారని రఫీక్ చెప్పాడు. తర్వాత రోజూ మధ్యాహ్నం నల్లమల మీద మబ్బు కమ్మేది, చినుకు రాలేది కాదు. గాలి స్తంభించి ఊపిరాడేది కాదు. ఒకరోజు శిరివెళ్ల దిక్కున ఉరుములు మొదలయ్యాయి. అప్పుడే మృదుల ఫోనుకు పరీక్ష ఫొటోలు వచ్చాయి. ఆ పిల్ల ఫోను మా ముందు పెట్టింది. ఫొటోలోని ప్రతి బిళ్లకూ ఈ పక్కనుంచి ఆ పక్కకు నల్లగా కాలిన సన్నటి బొక్క. మిగతా బిళ్లంతా చెక్కుచెదరలేదు. "పైకి గొట్టం బాగానే కనబడుతాది, మళ్లీ కరెంటు తగిలితే పేలుతాది" అంది మృదుల.

రహిమాన్ ఆ ఫొటో చాలాసేపు చూశాడు. చేతిలోని ఇనుప కడ్డీ బల్ల మీద పెట్టేశాడు. ఇంతలో ఆయన ఫోను మోగింది. ఎప్పటిలాగే స్పీకరు పెట్టాడు. రఫీక్.

"నాయనా, ఈడ పిడుగులు పడి లైను ఆగిపోయింది. అంతా చూసినా, యాడా ఏమీ తెగల్యా. మీ గొట్టాలూ బాగుండాయి. ఇప్పుడు కరెంటు వదుల్తాండారు. స్తంభం కిందనే ఉండా."

కరెంటు వదిలేటప్పుడు స్తంభం కింద ఎవరూ నిలబడరు. వాడు నిలబడ్డాడు.

"రఫీక్, ఆడ ఉండాకు. దూరం పో."

"ఏందీ?"

"ఆ బిళ్లలు మంచివి కావురా. నాకు తెలీలేదు. నా చెవికి తెలీలేదు. బేగా పో!"

ఆయన నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. రఫీక్ నవ్వాడు.

"ఉరుములకు భయపడినావా? నువ్వు తట్టి పంపినావు కదా. నీ చెవి సంగతి నాకు తెల్దా నాయనా?"

"పరుగెత్తు!" అని మృదుల అరిచింది. ఫోనులో ఢామ్మని పేలింది.

ఫోను తెగలేదు. వాన చప్పుడు మాత్రం వినబడుతోంది. రహిమాన్ కొడుకును పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నాడు. చివరికి ఎవరో ఫోను ఎత్తారు.

"ఎవరప్పా? ఈయనకి నువ్వేమయితావు?"

రహిమాన్ ఇంకా రఫీక్ అనే పిలుస్తున్నాడు. నేనే ఫోను అందుకుని, నాయన అని చెప్పాను.