కుసుమ గింజలో సూదిమందు

మొన్న ఆదివారం పొద్దున, చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేసే మా మేనల్లుడు నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. ఏదో దేశంలో అద్దాల గదుల్లో ఆకుకూర పెంచి, ఆ ఆకుల్లోనే ఇన్సులిన్ తయారయ్యేలా చేస్తున్నారట. ఇక నీకు సూదుల బాధ పోతుంది మామా అని కింద రాశాడు పాపం. అప్పుడే పొట్ట మీద ఇన్సులిన్ పెన్నుతో పొడుచుకుని టిఫినుకు కూర్చున్న నేను దాన్ని రెండుసార్లు చూసి ఫోను పక్కన పెట్టేశాను. మన ఈడువాళ్లు నలుగురు కూర్చుంటే షుగరు మాట రాకుండా పోదు కనుక, ఈ సంగతి మీతో చెప్పుకోవచ్చనిపించింది. మొక్కల్లో మందు పండించడమనేది నాకు కొత్త ముచ్చట కాదు. ఇరవై ఏళ్ల కిందట జనగామ బయట నేను చేసిన కొలువు అదే.

అంతకుముందు విత్తనాల దుకాణంలో కొన్నాళ్లు, బడిలో కొన్నాళ్లు పనిచేసి, బాటనీ చదివిన పుణ్యమా అని ముప్పై ఎనిమిదో ఏట ఒక చిన్న పరిశోధన సంస్థలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. వాళ్ల ప్రయోగశాల హైదరాబాదులో ఉండేది. అక్కడ మనిషి ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే జన్యువును కుసుమ మొక్కలో చేర్చి, ఆ గింజలను మా దగ్గరికి పంపేవారు. మేము వాటిని ఎత్తైన కంచె లోపల, సన్నటి వల కట్టిన నెట్ హౌసులో పెంచేవాళ్లం. కుసుమే ఎందుకంటే, దాని గింజలో నూనె ఉంటుంది, ఆ నూనె బొట్లకు మందు అంటుకుని ఉండేలా చేస్తే తర్వాత విడదీయడం సులువని సంస్థ నడిపే మా పెద్దసారు చెప్పేవారు. ఎండిన గింజలో మందు చాలాకాలం చెడకుండా ఉంటుందని కూడా అనేవారు. ఫ్రిజ్జు లేని ఇళ్లే ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో ఆ మాట నాకు ఎంతో గొప్పగా వినిపించేది.

పని మాత్రం మామూలు వ్యవసాయమే, కాకపోతే పట్టింపులు ఎక్కువ. పూత మొదలవగానే ఒక్కో పువ్వుకు కాగితపు సంచి తొడగాలి, ఒక్క తేనెటీగ కూడా ఆ పుప్పొడిని బయటి చేలకు మోసుకుపోకూడదు. కోశాక గట్టి గింజలు వేరుచేసి, తూచి, సీలు వేసి హైదరాబాదు పంపాలి. మిగిలిన పొట్టు, తాలు, కట్టెలు అన్నీ గుంతలో వేసి కాల్చాలి. ఆకులకు ముళ్లుంటాయి కనుక చేతులకు తొడుగులు వేసుకున్నా సాయంత్రానికి వేళ్లు మండేవి.

పనికి వచ్చే అయిదుగురు ఆడవాళ్లలో ఒకామెను గంగారం అక్క అని పిలిచేవాళ్లం. ఆమెది గంగారం దిక్కు అడవి పల్లె. పెనిమిటి మేస్త్రీ పనికి జనగామ వస్తే వెంట వచ్చి, రైలు పట్టాల అవతల ఒక గదిలో కాపురం పెట్టింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆమె సంచి తొడిగిన పువ్వు ఒక్కటీ విరిగేది కాదు. ఆమెకు ఒక్కతే బిడ్డ, ఇంటర్ చదివేది, చిన్నతనం నుంచే షుగరు. రోజూ రెండు పూటలా సూది. తడిగుడ్డ చుట్టిన కుండలో మందు సీసా దాస్తామని, పొడిచిన చోటల్లా బిడ్డ తొడలు కమిలిపోయాయని అన్నం తినేటప్పుడు చెప్పేది.

ఒకసారి ఊళ్లో పుకారు పుట్టింది, మా మొక్కలు ముట్టుకున్న ఆడవాళ్లకు పిల్లలు పుట్టరని. కూలీలు పనికి రావడానికి జంకారు. అందరినీ కూర్చోబెట్టి, ఇది విషం కాదు, దవాఖానలో షుగరుకు సూదితో ఇచ్చే మందే ఈ గింజలో ఉంటుందని ధైర్యం చెప్పాను. అందరూ లేచి వెళ్లాక గంగారం అక్క ఒక్కతే ఆగింది.

"మరి తింటె పనిచేస్తదా తమ్మీ?"

నేను సంచులకు చీటీలు రాస్తున్నాను. తల కూడా ఎత్తలేదు.

"అది గూడ అయితదక్కా. సూదులు పోయే రోజు వస్తది," అన్నాను.

అది నా ఆశ. చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉందనుకుంటాను. మామూలుగా తింటే ఆ మందు కూడా పప్పులాగే కడుపులో అరిగిపోతుందని, గింజ నుంచి తీసి, శుద్ధిచేసి, చివరికి సూదితోనే ఎక్కించాలని, మా గింజల్లో అది అసలు ఎంత తయారైందో మాకే ఇంకా సరిగ్గా తెలియదని నేను చెప్పలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది.

కోతలయ్యాక నాలుగైదు రోజులకు ఆమె పనికి రావడం మానేసింది. బిడ్డకు వాంతులవుతున్నాయని తోటి ఆమె చెప్పింది. ఎందుకో మనసు నిలవక స్కూటరు మీద ఆ గదికి వెళ్లాను. పిల్ల చాప మీద పడుకుని, పరుగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతోంది. పలకరిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. పొయ్యి పక్కన గాజు సీసాలో బూడిదరంగు పొడి, దాని పక్కన చాటలో గుప్పెడు కుసుమలు కనిపించాయి. నొక్కులు పడ్డ తాలు గింజలు. చూడగానే గుర్తుపట్టాను.

"ఇవి ఎక్కడియక్కా?"

"కాలవెట్టేటియే గద తమ్మీ. మంచియి ఒక్కటి ముట్టలే," అంది. వేయించి, దంచి, పూటకింత బువ్వలో కలిపి పెట్టిందట. మొదట సాయంత్రం సూది మాన్పించింది. బిడ్డ సంబరపడిపోతే మూడు రోజుల కిందట పొద్దుటిది కూడా మాన్పించింది.

ఆటో పిలిచి జనగామ దవాఖానకు తీసుకెళ్లాం. వాళ్లు సెలైన్ పెట్టి, వెంటనే వరంగల్ పంపారు. దారంతా ఆమె బిడ్డ తలను ఒళ్లో పెట్టుకుని, ఏమైతది తమ్మీ, ఏమైతది అని నన్నే అడిగింది. డాక్టరు సూది ఎందుకు మానేశారని కోప్పడితే ఆమె తల వంచుకుంది, నేనూ వంచుకున్నాను. రెండు రోజులు గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. మూడోనాడు పిల్ల లేచి కూర్చుని నీళ్లడిగింది. ఆరోనాడు ఇంటికి పంపారు.

తర్వాత పెద్దసారుకు చెప్పక తప్పలేదు. కంచె దాటి ఒక్క గింజ పోయినా ప్రభుత్వానికి తెలపాలి, ఎక్కడైనా మొలిస్తే పీకాలి. నేను మిగిలిన గింజలు, పొడి అన్నీ తెచ్చి అప్పగించాను. ఆమెను పిలిపించి, తింటే పనిచేస్తుందని నీకెవరు చెప్పారని సారు అడిగారు. నేను ఆమెకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను.

"ఎవలు చెప్పలే సారూ. నేనే అనుకున్న."

నేను నోరు తెరవలేదు. తెరవాలని అనుకున్నాను, అది మాత్రం నిజం. ఆమెను పనిలోంచి తీసేశారు. కూలీ నిర్లక్ష్యం అని కాగితం రాశారు, దాని కింద నేనే సంతకం పెట్టాను. ఆ ఎండాకాలంలోనే వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. గింజల్లో మందు అనుకున్నంత రాలేదని, మరుసటి ఏడు నెట్ హౌసు కూడా విప్పేశారు.

చాలా ఏళ్లకు మానుకోట స్టేషనులో, అదే మహబూబాబాద్‌లో, రైలు కోసం కూర్చుని ఉంటే తమ్మీ అన్న పిలుపు వినిపించింది. జుట్టు నెరిసింది గానీ ఆమే. బిడ్డ అంగన్‌వాడీలో టీచరుగా ఉందని, ఒక మనవడని చెప్పింది. సూదులు నడుస్తున్నాయట. ఆ రోజు నేను సారుకు చెప్పి ఉండాల్సిందక్కా అన్నాను.

"చెప్తె నీ కొలువు గూడ పోతుండె. ఇద్దరియి పోయి ఏం లాభం? నువ్వు ఆ పొద్దు రాకపోతె నా బిడ్డ దక్కకపోతుండె," అంది. సంచి ఒళ్లోకి లాక్కుని, "గని తమ్మీ, నేను అడిగిన్నాడు జర ఇటు మొఖం తిప్పి చెప్పవలసి ఉండె," అంది.

ఆమె రైలు ముందు వచ్చింది. సంచి అందించి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను.

మా నెట్ హౌసు ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. మొక్కల్లో మందు పండించే పని దేశదేశాల్లో చాలా ముందుకు పోయిందంటున్నారు, ఏదో ఒకనాడు మందు ఆకులోంచే వస్తుందేమో, వస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. మేనల్లుడి వీడియోలో మాత్రం తెల్లకోట్లు వేసుకున్నవాళ్లే కనిపించారు. తలుపులు కార్డు చూపిస్తేగాని తెరుచుకోవట. నీళ్లు పెట్టేది, కోసేది యంత్రాలే. మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పుకుని, ఇదేంది, తింటే ఏమైతది అని అడిగే మనుషులు ఆ గదుల్లో ఒక్కరూ లేరు.